వాడరేవులో తుప్పు కోసం

ఆ రోజుల్లో మా వైపు ఇంజనీరింగ్ అంటే కంప్యూటరే. మిగతా బ్రాంచీల్లో చేరినవాళ్ళని, ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ళని పలకరించినట్టు, గొంతు తగ్గించి పలకరించేవాళ్ళు. నా ర్యాంకుకి కౌన్సెలింగులో మిగిలింది మెటీరియల్స్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్. ఆ పేరు ఇంట్లో చెప్పిన రోజు మా బాబాయి కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ, "మెటీరియల్ అంటే సిమెంటు, ఇసుక, కంకరేనా?" అని అడిగాడు. కాదు బాబాయ్, లోహాలు ఎందుకు వంగుతాయో, ఎందుకు విరుగుతాయో, ఎందుకు తుప్పు పడతాయో చదువుతాం అన్నాను. ఆయన ఇంకో వరస తిరగేసి, "తుప్పుకి చదువెందుకమ్మా, వానలో వదిలేస్తే అదే పట్టుద్దిగా" అన్నాడు. అమ్మ మాత్రం ఎవరడిగినా "మా అమ్మాయి ఇంజనీరింగ్" అని చెప్పి, రెండో ప్రశ్న వచ్చేలోపు పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లోపలికి వెళ్ళిపోయేది.

గుంటూరు దగ్గర మా కాలేజీలో మా డిపార్ట్‌మెంటు క్యాంటీను వెనక ఉండేది. క్లాసులో చేరింది పధ్నాలుగు మందిమి, నాలుగో ఏడాదికి మిగిలింది తొమ్మిది మందిమి. కంపెనీలవాళ్ళు వచ్చిన రోజున మిగతా బ్రాంచీలవాళ్ళు ఇస్త్రీ చొక్కాలేసుకుని వరసలో నిలబడితే, మేం క్యాంటీనులో కూర్చుని వాళ్ళని చూసేవాళ్ళం. ఒకసారి పొరపాటున మమ్మల్నీ పిలిచారు. లోపలికెళ్ళాక మా బ్రాంచి పేరు చదివి, క్షమించమని చెప్పి, బిస్కెట్లు పెట్టి పంపించారు. (బిస్కెట్లు బాగానే ఉన్నాయి.)

నా ప్రాజెక్టు జోడీ చీరాల వైపు నుంచి వచ్చిన పాస్టరు గారి అమ్మాయి. ఏ లెక్చరైనా పూర్తికాగానే పెదాలు మాత్రం కదిపి "ఆమెన్" అనుకునేది, అందుకని ఆ పేరే ఖాయమైంది. మా గైడ్ గ్రాముల సారు. దేన్నయినా నాలుగో దశాంశం దాకా తూచందే నమ్మేవారు కాదు. ఇరవై ఏళ్ళుగా అదే గదిలో అదే త్రాసు ముందు కూర్చున్న మనిషి. మా తర్వాత ఇక ఈ బ్రాంచిలోకి పిల్లల్ని తీసుకోరని అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. "ఒక్క మంచి పేపరు వస్తే చాలమ్మా. ప్రిన్సిపాల్ గారు మేనేజ్‌మెంటుకి చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది" అనేవారు. ఆ మాట అంటూ కూడా ఏదో ఒక గుండుసూదిని తూస్తూనే ఉండేవారు.

ఆయన మాకిచ్చిన పని తుప్పు. అరచేయంత ఇనప రేకులు ఇరవై నాలుగు కోసి, నంబర్లు కొట్టి, తూచి, వాడరేవు సముద్రపు గాలికి వేలాడదీయాలి. నెలకి నాలుగు చొప్పున తెచ్చి, పట్టిన తుప్పు ఆసిడ్‌తో వదిలించి, మళ్ళీ తూచాలి. ఎంత బరువు తగ్గితే ఇనుమును గాలి అంత తిన్నట్టు లెక్క. బాబాయి చెప్పిన చదువు అదే, కాకపోతే మాది రికార్డు బుక్కులో రాసుకునే చదువు.

వాడరేవులో చెక్క చట్రం నిలబెట్టడానికి చోటిచ్చింది చేపలు ఎండబెట్టుకునే ఒక మామ్మ. తాటాకు పాక, ముందు ఇసుకలో పరిచిన వలల మీద చేపలు, కాకుల్ని తోలడానికి చేతిలో ఒక కర్ర. మాట తక్కువ మనిషి. శనాదివారాల్లో సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళు రేకుల్ని లాక్కెళ్ళకుండా ఎవరో ఒకరు చూడాలి కనుక, నేను ఆమె దగ్గర కూర్చుని నా తెలివంతా ఉపయోగించి చెప్పాను. "మామ్మా, ఇది మా పరీక్ష. వీటికేమన్నా అయితే మేం ఫెయిలైపోతాం. నీదే భారం." ఆమె రేకులవైపు చూసి, మావైపు చూసి, "నేనుండగా ఏం గాదులే" అంది. ఎంత బాగా ఒప్పించానో అని ఆటోలో ఆమెన్‌కి రెండుసార్లు చెప్పుకున్నాను.

మొదటి నెల రేకులు ఎర్రగా, పొక్కులు పొక్కులుగా తుప్పు పట్టాయి. సారు సంతోషించారు. రెండో నెల వెళ్ళేసరికి రేకులు ఎరుపు తగ్గి నల్లగా ఉన్నాయి. తూస్తే, రెండు నెలలకీ కలిపి పోయిన బరువు దాదాపు మొదటి నెల పోయినంతే. మూడో నెలా అంతే. మొదటి నెల తిన్న తుప్పు ఆ తర్వాత ఉపవాసం ఉన్నట్టు ఆగిపోయింది. సారు ఒక్కో రేకునీ మూడేసి సార్లు తూచారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వాడరేవు గాలిలో ఏదో ఉందమ్మా. ఇనుము మీద దానంతటదే ఒక పొర కడుతోంది" అన్నారు. రేకుని నాలుగోసారి త్రాసులో పెట్టారు.

ఇక్కడొక విషయం ఒప్పుకోవాలి. ఆ రేకులు చేతికి జారుతున్నాయి. వాటికి చేపల వాసన కూడా ఉంది. తూచేముందు జిడ్డు తుడవడం ఎలాగూ మామూలే కనుక తుడిచేశాను. ఆమెన్ అడిగింది.

"జిడ్డుగా ఉన్నాయని రికార్డులో రాద్దామా?"

"సముద్రం పక్కన జిడ్డుగా ఉండక పౌడరు రాసుకున్నట్టుంటాయా?" అన్నాను.

ఆమె రాయలేదు. నేనూ రాయలేదు. మా ఇద్దరి పేర్లూ తన పేరు కిందే వేసి సారు ఒక పెద్ద సదస్సుకి వ్యాసం పంపారు. వాళ్ళు తీసుకుంటామన్నారు. ప్రిన్సిపాల్ గారు మా క్యాంటీను వెనక గదిలోకి స్వయంగా వచ్చి సారుకి చెయ్యి కలిపి వెళ్ళారు. మా ఇంట్లో అమ్మ మొదటిసారి రెండో ప్రశ్న కోసం గుమ్మంలోనే నిలబడిందట.

నాలుగో నెల సారు కూడా మాతో బయల్దేరారు. వ్యాసంలోకి చట్రం ఫొటో కావాలి. అందుకోసం కొత్త చొక్కా వేసుకున్నారు, మడతలు ఇంకా పోలేదు. మేం ఎప్పుడూ వెళ్ళే శనివారం కాకుండా బుధవారం వెళ్ళాం. చీరాలలో బస్సు దిగి, ఆటోలో వాడరేవు చేరి, పాక చుట్టూ తిరిగి ముందుకి వెళ్ళేసరికి మామ్మ ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో మా రేకు. పక్కన కొబ్బరి చిప్పలో ఇటుక పొడి, ఇంకో చిప్పలో నూనె. పీచుతో గిన్నె తోమినట్టు తోముతోంది. తోమేసిన రేకులు ఎడంపక్క, తోమాల్సినవి కుడిపక్క. నంబర్లు చదవడం రాకపోయినా, దేని చోట దాన్నే తగిలించడానికి వరస తప్పకుండా పెట్టుకుంది.

మమ్మల్ని చూసి దాచుకోలేదు. మొహం విప్పారింది.

"ఈయన మీ సారుగారా? కూర్చోండయ్యా. ఇయ్యి తుప్పు పట్టిపోతన్నాయి గదా. మొదటి నెల ఎర్రగా తిరిగేసరికి నాకు గుండె జారిపోయింది. ఏమన్నా అయితే పిల్లలు ఫెయిలంట. అప్పట్నించి వారం వారం తోముతన్నా."

నేను అరిచాను. ఇప్పుడు రాస్తున్నా నా గొంతు నాకు వినిపిస్తోంది. "నిన్నెవరు ముట్టుకోమన్నారు? తుప్పు పట్టాలనే గదా ఇక్కడ కట్టింది. నీకేం తెలుసని తోమావు? మా చదువంతా నాశనం చేశావు." చేపలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూశారు. మామ్మ చేతిలోని రేకుని నెమ్మదిగా కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. "తెలవక చేశానమ్మా" అంది. అంతే. ఆ తర్వాత తలెత్తలేదు.

గ్రాముల సారు కొత్త చొక్కాతోనే ఆమె పక్కన ఇసుకలో కూర్చున్నారు. జేబులోంచి చిన్న పుస్తకం తీశారు.

"ఏం నూనె మామ్మగారూ?"

"చేప నూనేనయ్యా. పడవలకి పూస్తారు."

"పూస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"వారం ఆగుద్ది. వాన పడితే అదీ ఉండదు."

అదంతా ఆయన రాసుకున్నారు. ఎందుకు రాసుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు, ఇక దాంతో పనేమీ లేదు. లేస్తూ, "మీరు బాగానే చూసుకున్నారు. మా పిల్లలే మీకు సరిగా చెప్పలేదు" అన్నారు. ఆమె తల ఊపింది, నమ్మినట్టు మాత్రం లేదు. ఫొటో తియ్యకుండానే బయల్దేరాం.

తిరుగు బస్సులో సారుకి కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా పొలాల్లో పత్తి ఏరుతున్నారు. చివరికి నేనే కదిపాను.

"సార్, ఎవరికి తెలుస్తుంది సార్? మనం ముగ్గురమే కదా."

సారు బయటికే చూస్తూ, "ఆ మామ్మకి తెలుసుగా" అన్నారు. అప్పుడు కూడా ఆమెన్ పెదాలు కదలలేదు. ఏడుస్తోందని కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

మర్నాడే సారు వ్యాసం వెనక్కి తీసుకున్నారు. కారణం దాచలేదు, ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పారు. ప్రిన్సిపాల్ గారు ఈసారి మా గది దాకా రాలేదు. ఆ ఎండాకాలం తర్వాత మా బ్రాంచిలోకి పిల్లల్ని తీసుకోలేదు. పేపరు వచ్చినా తీసుకునేవాళ్ళు కాదేమో, అది ఎవరం చెప్పగలం? సారుని మొదటి ఏడాది పిల్లలకి ఇనుముకి ఆకురాయి పట్టడం నేర్పే వర్క్‌షాపుకి పంపారు. త్రాసు మాత్రం వెంట తీసుకెళ్ళారని తర్వాత ఎవరో చెప్పారు.

మాకు మిగిలింది రెండు నెలలు. పన్నెండు రేకులు కొత్తగా కోసి, మళ్ళీ అదే చట్రానికి కట్టాం. ఈసారి మామ్మకి ఆమెన్ చెప్పింది, తుప్పు పడితేనే మేం పాసవుతామని, ఎంత పడితే అంత మంచిదని. మామ్మ విని, చేపల వలలు పాకకి అవతలి పక్కకి మార్చుకుంది. ఎందుకని అడిగితే, అటైతే చట్రం కనపడదంది. కళ్ళ ముందు వస్తువు పాడైపోతుంటే చేతులు ఊరుకోవంది. ఆ రెండు నెలలూ మేం ఎప్పుడు వెళ్ళినా ఆమె ఎండలో వీపు మాకు తిప్పి కూర్చునే ఉంది.

చివరిరోజు రేకులు విప్పుతుంటే వచ్చింది. రేకులు ఎర్రగా, చెయ్యి వేస్తే పొడి రాలేట్టు ఉన్నాయి. దూరంగా నిలబడే అడిగింది.

"బాగా పాడైనయ్యా?"

"బాగా పాడయ్యాయి మామ్మా" అన్నాను.

"అయితే పాసవుతారుగా."

పాసయ్యాం, అత్తెసరు మార్కులతో. ఆమెన్ ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతోంది. నేను ఒక రంగుల కంపెనీ ల్యాబులో తుప్పు రిపోర్టులు రాస్తున్నాను. మా బాబాయికి ఇప్పటికీ ఇది నవ్వులాటే. రేకు జిడ్డుగా ఉంటే జిడ్డుగా ఉందని రాస్తాను. కొత్తగా చేరినవాళ్ళు, ఇంత చిన్న సంగతి కూడానా అని విసుక్కుంటారు.

పోయినేడు ఇంట్లోవాళ్ళతో వాడరేవు వెళ్ళాను. పాక ఉన్న చోట టిఫిన్ బండ్లు, ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. అడిగితే, ఏ మామ్మ అన్నారు. పేరు చెబుదామంటే నాకే తెలియదు. ఆర్నెల్లు వెళ్ళొచ్చినా ఎప్పుడూ అడగలేదు. ఆ చివరిరోజు క్షమించు మామ్మా అని అనబోయాను కూడా. నోటి దాకా వచ్చింది. రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, వెళ్ళిపోతాడేమోనని రేకుల సంచీ చంకన పెట్టుకుని ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తాను. అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు కోపం రావాలి గానీ, కాస్త నవ్వే వస్తుంది. అంత పరుగూ పరిగెత్తి, చీరాల బస్టాండులో ఒళ్ళో తుప్పు పెట్టుకుని బస్సు రాక గంటన్నర ఊరికే కూర్చుంది.