రాజోలు బురదలో చక్రాల తొడుగులు

తుఫాను పోయిన మూడో రోజు ఉదయం ఆరుంపావుకి పడవలో రాజోలు రేవులో దిగాం. సైన్యం పంపిన ముగ్గురం. మెకానిక్ హవల్దారు, రేడియో ఆపరేటరు, సహాయకుడిగా నేను. విమానం దిగడానికి ఊరివాళ్లు ఏటిగట్టు పక్కన నాలుగు వందల గజాల మెరక చూపించారు. పైన ఆరింది, కింద బురదే. కాలు దిగబడకుండా రైతులు వరిగడ్డి పరిచారు.

ఏడింటికి కెప్టెన్ గారు రెండు సీట్ల విమానంలో దిగారు. చక్రాలని కప్పే రేకు తొడుగుల్లో అప్పుడే గడ్డి ఇరుక్కుంది.

"ఇవి ఊడదీసేద్దాం సార్. పావుగంట పని," అన్నాడు హవల్దారు.

మేం తెచ్చిన పెట్రోలు డ్రముల్లోకి వాననీళ్లు దిగాయి. విమానం ట్యాంకులో ఉన్నదే గతి. పెద్దాసుపత్రి ఉన్న కాకినాడ వైపు ఎదురుగాలి.

అమలాపురం గ్రంథాలయంలో విమానాల పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ణి. ఊరుకోలేకపోయాను. "బోడి చక్రం వెనకాల గాలి సుడి తిరిగి విమానాన్ని లాగుతుంది సార్. తొడుగుంటే నున్నగా జారిపోతుంది. అదే పెట్రోలుతో ఇంకాస్త దూరం పోవచ్చు."

"ఏరా లైబ్రరీ, ఆ పుస్తకంలో బురద ఉందా?" అన్నాడు హవల్దారు.

కెప్టెన్ గారు నవ్వలేదు. "ఉంచండి," అన్నారు.

ఎనిమిదీ నలభైకి ఒక జాలరి తన భార్యని మంచం మీద మోయించుకొచ్చాడు. రెండు రోజులుగా నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది.

"ఇద్దరూ దక్కుతారాండీ?"

"గంటలోపు ఆసుపత్రిలో ఉంటారండీ," అన్నాను.

తొమ్మిదీ అయిదుకి విమానం పరుగెత్తింది. సగం దూరంలో ఎడమ చక్రం బిగుసుకుపోయింది. విమానం గిరుక్కున తిరిగి, మెరక పక్కనున్న కాలవకి పది గజాల్లో ఆగింది. లోపల ఆమె అరుపు.

తొడుగు నిండా మట్టీ గడ్డీ. ఒక ముసలి రైతు వేలితో పొడిచి చూశాడు. "గోడలు మెత్తడానికి మేం ఇలాగే కలుపుతామండీ. ఆరిందంటే రాయైపోద్ది."

హవల్దారు స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. స్క్రూల తలల మీది గాడులు మట్టితో పూడిపోయాయి. గోళ్లతో తవ్వాను. పావుగంట పని ముప్పావుగంట పట్టింది. తొమ్మిదీ యాభై రెండుకి బోడి చక్రాలతో ఎగిరింది.

మధ్యాహ్నం పన్నెండుకి రేడియో పలికింది. "చేరాం. తల్లి క్షేమం. బిడ్డ దక్కలేదు. పెట్రోలు పావు ట్యాంకు మిగిలింది."

పదకొండో రోజున యూనిట్‌కి తిరిగెళ్లాం. పుస్తకంలో ఉన్నది అబద్ధం కాదని ఇప్పటికీ అంటాను.

కానీ విమానం ఎగిరాక, రేడియో పలికేలోపు, ఆ జాలరి చెంబుతో నీళ్లు తెచ్చాడు. నా చేతుల మీద పోస్తూ, గోళ్లలో ఇరుక్కున్న గడ్డిపరకలు ఒక్కొక్కటే తీశాడు.

"ఆయ్, మీరే లేకపోతే ఏమైపోయేవాళ్లమండీ," అంటూనే ఉన్నాడు.