చేనేత ముద్ర

డెబ్బైల చివర్లో నగరిలో ఒక జవుళి దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మరమగ్గం తువ్వాళ్ల మీద చేనేత ముద్ర వేయడం నా పని.

"అందురూ సేసేదే గదప్పా, నీకేం నొప్పి?" అనేవాడు యజమాని.

నొప్పే. అయినా వేశాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు. నాయన గుంటమగ్గం మీద చేత్తో చీరలు నేసేవాడు.

ఒకరోజు బుద్ధి గడ్డి తిని, ఆ తువ్వాలొకటి తెచ్చి ఆయనకే ఇచ్చాను. అంచు రెండు వేళ్లతో నలిపాడు. ముద్ర చూశాడు. నా బొటనవేలికి అంటిన ఊదా సిరా చూశాడు. తిడతాడనుకున్నాను. మగ్గం మీద సగం నేసిన చీర చూపించి మెల్లగా అడిగాడు:

"దీనికీ ఆ ముద్రే ఏస్తావా?"