కంపెనీ పెరిగింది, నా వాటా పెరగలేదు

యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీని నేను. గంటల లెక్కన జీతం, అది కూడా మూడు నాలుగు నెలలది కలిపి ఎప్పుడో పడుతుంది. పింఛను లేదు, పీఎఫ్ లేదు. ముసలితనంలో ఎవరి ముందూ చెయ్యి చాచకూడదన్న భయంతోనే షేర్లు కొనడం మొదలుపెట్టాను.

కంపెనీని ఎంచుకున్నది కూడా నేనే. మా ల్యాబులో పాత తూకం మిషన్లు పాడైనప్పుడల్లా వాటి స్థానంలో ఒకే కంపెనీవి వస్తున్నాయి. పక్క డిపార్ట్‌మెంట్‌లోనూ అవే. తార్నాక చుట్టుపక్కల పరిశోధన సంస్థల్లో పనిచేసే స్నేహితురాళ్ళను అడిగితే తమ దగ్గరా అవేనన్నారు. రిపేరు చేసే మనిషి పిలిచిన రోజే వస్తాడు. ఇలాంటి కంపెనీ పెరగకపోతే ఇంకేది పెరుగుతుంది అనుకున్నాను. ఆ అంచనా తప్పలేదు. కంపెనీ బాగానే పెరిగింది.

కొనడానికి మెట్రో స్టేషన్ దగ్గర, టిఫిన్ సెంటర్ పై అంతస్తులో ఆఫీసు పెట్టుకున్న బ్రోకర్ దగ్గరికి వెళ్ళాను. మా మండలం వాడే. మొదటి రోజే "అక్కా" అని పిలిచి చాయ్ తెప్పించాడు. ఫోన్‌లో నా అంతట నేనే కొనుక్కోవచ్చని తెలుసు. కానీ డబ్బు వ్యవహారంలో మనవాడు ఒకడు తోడుంటే మంచిదనిపించింది.

కొన్ని నెలలకొకసారి అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది.

"అక్కా, రేటు మస్తు పెరిగింది. అమ్మి లాభం పక్కకు తీద్దాం. పడ్డంక మళ్ళ కొందాం."

"కంపెనీ మంచిగనే నడుస్తున్నది గద తమ్మీ, ఎందుకు అమ్ముడు?"

"కంపెనీ వేరే, రేటు వేరే అక్కా. నువ్వు పరేషాన్ గాకు, నేను చూసుకుంట."

అమ్మేవాళ్ళం. రేటు పడేది కాదు. ఇంకా పెరిగిపోతుందేమోనన్న కంగారులో అంతకన్నా ఎక్కువ రేటుకే మళ్ళీ కొనేవాళ్ళం. అమ్మినప్పుడు అతని కమీషన్, కొన్నప్పుడు కమీషన్, దాని మీద జీఎస్టీ, లాభం మీద పన్ను, ఇవి చాలవన్నట్టు ఏటేటా సలహా ఫీజు. ద్రావణాన్ని ఒక బీకరులోంచి ఇంకో బీకరులోకి ఒంపిన ప్రతిసారీ కొంత గాజుకే అంటుకుపోతుందని క్లాసులో పిల్లలకు చెప్పే మనిషిని నేను.

ఒక ఎండాకాలం సెలవుల్లో కూర్చుని లెక్క వేశాను. మొదటిసారి కొన్న షేర్లను అసలు ముట్టుకోకుండా ఉంటే నా దగ్గర ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది అని. తేడా చూస్తే దాదాపు ఒక సెమిస్టర్ జీతం. ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నమే అతని ఆఫీసు మెట్లెక్కాను.

"ఏంది తమ్మీ ఇది? షేరు పెరిగినా నా పైసలు పెరగకపాయె!"

"మార్కెట్ అక్కా. రిస్కు ఉంటదని ముందుగాలనే చెప్పిన గద."

"రిస్కంత నాదేనా? నీ కమీషన్‌కు ఏ రిస్కు లేదా?"

అతనికి కోపం వస్తే బాగుండేది. నవ్వాడు. "ఆఫీస్ కిరాయి కట్టాలె, స్టాఫ్‌కు జీతాలియ్యాలె. నేనేం తిని బతకాలె అక్కా?" అన్నాడు. అదీ అబద్ధం కాదు. అరవడానికి వెళ్ళినదాన్ని, నా షేర్లు వేరే ఖాతాకు మార్చమని మాత్రం చెప్పాను. దానికి కూడా సంతకం కలవలేదని మళ్ళీ మళ్ళీ తిప్పించి, చివరికి మార్చాడు.

ఇంట్లో, రైల్వేలో పనిచేసే మా ఆయన తన పాట తాను పాడాడు. "పోస్టాఫీసుల ఏస్తే గీ లొల్లే ఉండకపోవు."

ఖర్చుల బెడద తప్పింది కనుక ఇక కంపెనీతో పాటు నేనూ పెరుగుతానని ఓపిక పట్టాను. కంపెనీ రెండో ఫ్యాక్టరీ కట్టింది. పేపర్లో ఫోటోలు వచ్చాయి. అమ్మకాలు పెరిగాయి, లాభమూ పెరిగింది. షేరు రేటు మాత్రం ఉన్నచోటే కూర్చుంది. కంపెనీ లెక్కలు తెరిచి చూస్తే సంగతి అర్థమైంది. ఫ్యాక్టరీ డబ్బు కోసం పెద్ద పెద్ద సంస్థలకు కొత్త షేర్లు ఇచ్చారు, అదీ మార్కెట్ రేటు కంటే తక్కువకు. లాభం పెరిగిన దానికంటే దాన్ని పంచుకునేవాళ్ళు ఎక్కువ పెరిగారు. పైగా నేను కొన్న రేటులో రాబోయే ఏళ్ళ పెరుగుదల అంతా ముందే కలిపి ఉంది. జరగబోయేదానికి ముందే డబ్బు కట్టేసి, అది జరిగాక మళ్ళీ ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నానన్నమాట.

ఆ ఏడు వాటాదారుల సమావేశం ఆన్‌లైన్‌లో జరిగింది. చిన్న వాటాదారులు కూడా ముందుగా పేరు ఇస్తే మాట్లాడవచ్చు. పేరు ఇచ్చాను. డిపార్ట్‌మెంట్‌లో ఖాళీగా ఉన్న క్లాసురూములో ల్యాప్‌టాప్ పెట్టుకుని, అడగాల్సింది నాలుగుసార్లు చదువుకుని కూర్చున్నాను. నా కంటే ముందు మాట్లాడిన పెద్దాయన చైర్మన్ గారిని ఉదయించే సూర్యుడన్నాడు. తర్వాత ఒకామె వార్షిక నివేదికలో బొమ్మలు ఎంతో అందంగా ఉన్నాయని మెచ్చుకుంది. ఇంకొకాయన వాటాదారులకు ఫ్యాక్టరీ చూపించి భోజనం పెట్టాలని కోరాడు.

నా వంతు వచ్చింది. "మొత్తం లాభం పెరిగింది, సంతోషం. ఒక్కో షేరుకు వచ్చే లాభం ఎందుకు తగ్గింది? పెద్ద సంస్థలకిచ్చిన రేటుకే మాకు కూడా కొత్త షేర్లు ఎందుకివ్వలేదు?" అని అడిగాను.

"థాంక్యూ మేడం. నెక్స్ట్ స్పీకర్," అన్నారు ఎవరో.

చివర్లో చైర్మన్ గారు అందరికీ కలిపి జవాబిచ్చారు. దీర్ఘకాలంలో అందరికీ మేలు జరుగుతుందట. నా ప్రశ్నకు అంతే. ఫ్యాక్టరీ చూపించమన్న ఆయనకు మాత్రం బస్సు ఎక్కడి నుంచి బయలుదేరుతుందో, భోజనం ఎక్కడ ఏర్పాటు చేస్తారో కూడా వివరంగా చెప్పారు. ల్యాప్‌టాప్ మూశాను. ఎవరినైనా పట్టుకుని గట్టిగా నిలదీయాలనిపించింది, ఎదురుగా ఎవరూ లేరు.

మర్నాడు సగం షేర్లు అమ్మేశాను. ఆ డబ్బును మార్కెట్లోని పెద్ద కంపెనీలన్నింటిలో తలా కొంచెం పెట్టే, ఖర్చు తక్కువ ఉండే ఫండ్‌లో, మధ్యలో ఎవరూ లేకుండా ఫోన్‌లో నేనే వేసుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను.

"మరి అన్నీ అమ్మేస్తే అయిపోవు గద? సగం ఎందుకు ఉంచినవ్?"

"వచ్చే ఏడు గూడ మీటింగ్‌ల అడగాలంటె చేతిల షేర్లు ఉండాలె గద."

"అడిగితె చెప్తరా?"

"చెప్పరు," అన్నాను.