హోం థియేటర్‌ల ఇరుకున్న తాత గొంతు

దసరా సంది మా హోం థియేటర్ ట్రే తెరుసుకుంటలేదు. లోపల ఇరుకున్నది చనిపోయిన మా తాత పాడిన భజన సీడీ. అసలు క్యాసెట్ ఎప్పుడో తెగిపోయింది. ఆయన గొంతు ఇంక గా ఒక్క సీడీలనే ఉన్నది.

ఇయ్యాల అమ్మను తీస్కొని పాన్‌గల్ నుంచి వనపర్తికి పోయిన. మెకానిక్ మూత ఇప్పి మొకం ముడుసుకున్నడు.

"పాత టేప్‌రికార్డరైతే కండ్లు మూస్కొని చేస్తుంటి అన్నా. గిండ్ల అన్నీ చిప్పులే. సీడీ పలిగితే నన్ననొద్దు."

స్క్రూడ్రైవర్ పెట్టి ట్రే లేపుతుంటే టక్కుమన్నది. అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

సీడీ మంచిగనే వచ్చింది. కింద లెన్స్ మీద, ట్రే చక్రాలల్ల మాత్రం ఎర్రగ, మందంగ కుంకుమ!

"గిండ్ల కుంకుమ ఎవరు పోసిండ్రు?" అన్నడు మెకానిక్.

"పోసుడేంది బిడ్డా? పండుగకు ట్రాక్టర్‌కు పెట్టినట్టే బొట్టు పెట్టిన. మా నాయిన గొంతొచ్చేది లోపలికెల్లి గదా, అందుకే అండ్ల పెట్టిన" అన్నది అమ్మ.

గప్పుడే ఇంకో సీడీల కాపీ తీయించి, ఇంటికొచ్చినంక అమ్మ చేతిల పెట్టిన. దాన్ని కండ్లకద్దుకొని, కుంకుమ భరిణె తెచ్చెటందుకు లేసింది.

ఈమెను ఎట్ల ఆపాలె, జర మీరన్న చెప్పుండ్రి.