పోలేరమ్మను పాటకు పిలిచిన విధం

కువైట్‌లో మా తెలుగు సంఘానికి పల్లెపాటంటే ప్రాణం. ఆ పాట పుట్టిన ఇళ్లవాళ్లంటే మాత్రం కాస్త ఎలర్జీ. ఏటా జరిపే జానపద సంధ్యలో ఇంజనీర్ల భార్యలు పట్టుచీరలు కట్టుకొచ్చి కలుపుపాటలు పాడేవాళ్లు. కార్యదర్శి నాగభూషణంగారి భార్య కనకవల్లిగారు అందులో దిట్ట. కార్యవర్గ సభ్యుడిగా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్ణి నేను.

ఆ పాటలన్నీ పోలేరమ్మవి. కడప జిల్లా గాలివీడు మనిషి, మిష్రిఫ్‌లో ఓ కువైటీ ఇంట పనిమనిషి. తండ్రి గంగరాజు చెక్కభజన గురువు. కూతురికి పాటలు నేర్పాడు గానీ చెక్కలు చేతికివ్వలేదు, అది మగవాళ్ల ఆటట. ఇక్కడ వఫ్రా తోటల్లో పనిచేసే బాలసుబ్బయ్య ఓ చెక్కభజన జట్టు కట్టాడు. తననూ చేర్చుకోమని ఆమె అడిగితే, "ఆడమనిషి కాలుపెడితే అడుగు తప్పుతాదిలే, పోమ్మా" అన్నాడు. మా సంఘంలో చేర్చుకోమని అడిగింది. మేం అంత మొరటువాళ్లం కాం గనక, మర్యాదగా ఫారం ఇచ్చి డిగ్రీ సర్టిఫికెట్ జతచేయమన్నాం.

శుక్రవారం సెలవు పూట ఆమె జాబ్రియాలో కనకవల్లిగారి ఫ్లాట్‌కు వచ్చేది. ఆమె పాడుతుంటే ఈవిడ నోటుబుక్కులో రాసుకునేది. మూడేళ్లలో నలభై పాటలు. ప్రతిఫలం టీ, అదీ విడిగా పెట్టిన గ్లాసులో. "ఒక్కపాట నన్నూ పాడనీండమ్మా" అంటే, "వచ్చే ఏడు చూద్దాంలే" అనేది ఈవిడ.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. పోలేరమ్మ యజమానురాలు, అక్కడి పనిమనుషుల పిలుపులో 'మామా', ఇంటి తాళాలు ఈమె చేతిలో పెట్టి సౌదీకి కారెక్కేసింది. జోర్డాన్ బస్సుల కోసం కాచుకుని మేమందరం ఒక బడి హాల్లో చేరాం. ఇంజనీర్లకూ పనిమనుషులకూ వఫ్రా జట్టుకూ ఒకటే నేల, ఒకటే ఎండు ఖుబూస్ రొట్టె. అయినా మేం అధైర్యపడలేదు. వెంటనే ఒక సాంస్కృతిక ఉపసంఘం వేశాం.

వినాయకచవితి సాయంత్రం భజన పెట్టాం. బాలసుబ్బయ్య జట్టు బట్టలు వదిలేసి వచ్చినా చెక్కలు తెచ్చుకుంది. కనకవల్లిగారు లేచి మొదటి చరణం పాడి ఆగిపోయారు. నోటుబుక్కు ఫ్లాట్‌లో ఉంది, ఫ్లాట్‌లో సైనికులున్నారు. బాలసుబ్బయ్యకూ ఆ పాట రాదు. వెనకనుంచి అందించమని నాగభూషణంగారు పోలేరమ్మకు సైగ చేశారు.

ఆమె కదల్లేదు. "చాటునుంచి అందియ్యను సార్. ముందుకొచ్చి పాడతా. అమ్మను పిలిచినట్టే నన్నూ అందరి ముందర పేరుపెట్టి పిలవల్ల."

"దానికేం భాగ్యం!" అని నాగభూషణంగారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు మన ముందు పాడబోయే... శ్రీమతి..." భార్య వంక చూశారు. ఆవిడ నా వంక చూసింది. మాకామె ఎప్పుడూ 'మిష్రిఫ్ అమ్మాయి'. కార్యవర్గంలో పదకొండుమందిమి, ఒక్కరికీ పేరు తెలీదు. అంత సిగ్గు మళ్లీ ఎన్నడూ పడలేదు నేను.

ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నేరుగా వెళ్లి బాలసుబ్బయ్య చేతిలోంచి చెక్కలు తీసుకుంది. అతను కాదనలేదు.

"గాలివీడు గంగరాజు గురువు కూతురు, పోలేరమ్మ" అని తన పేరు తనే ప్రకటించుకుని, రెండో చరణం అందుకోకుండా పాట మొదటినుంచి ఎత్తుకుంది.