జైల్లో మా తండా మాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నేను ఒక చిన్న గల్ఫ్ దేశంలో మన రాయబారిని. అంతకుముందు రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగానికి అధిపతిని. పుట్టింది కొత్తగూడ అడవి పక్క తండాలో. లంబాడీవాడికి రాయబారి పదవేమిటని ముఖం చిట్లించినవాళ్లున్నారు. వాళ్ల ముఖాలు, వాళ్ల ఇష్టం.

భూపాలపల్లి వైపు ఒక లంబాడీ తండా నుంచి వచ్చిన బాలు అనే క్రేన్ ఆపరేటర్ అక్కడ జైల్లో పడ్డాడు. కంపెనీ గోదాముకు తనే నిప్పు పెట్టానని ఒప్పుకున్నాడట. అదే మాట కోర్టులోనూ అంటే ఏళ్ల తరబడి లోపలే. మన పౌరుణ్ని జైల్లో కలిసే హక్కును కాన్సులర్ యాక్సెస్ అంటారు. మామూలుగా కింది అధికారి వెళ్తాడు. నేనే వెళ్లాను.

జైలు అధికారి పక్కన కంపెనీ పంపిన దుబాసీ కూర్చున్నాడు. జనగామ మనిషి. తెలుగు, హిందీ, అరబ్బీ అన్నీ వచ్చు.

"ఏమైంది బాలూ?" అన్నాను.

"అగ్గి నేనే వెట్టిన సార్. తప్పయింది."

"ఎట్ల వెట్టినవ్?"

"అగ్గి నేనే వెట్టిన సార్. తప్పయింది."

మనుషుల్ని ప్రశ్నించడమే నా పాత ఉద్యోగం. నిజంగా చేసినవాడు తడబడతాడు, మాట మారుస్తాడు. ఇలా పొల్లుపోకుండా వచ్చేది ఎవరో నేర్పిన మాటే.

మావాళ్లు ఎక్కడ కలిసినా ముందు గోత్రం అడుగుతారు. వరస తేలాకే మిగతా మాటలు. మా ఇంటి భాష గోర్ బోలీలో బాలును గోత్రం అడిగాను. ఉలిక్కిపడి తలెత్తాడు. చెప్పాడు. నాదీ అదే.

"అయితె నాకు తమ్మునివి. అన్నతోని అబద్ధమాడ్తవా?"

ఏడ్చేశాడు. "నా తమ్ముడు గీ కంపెనోళ్ల లేబర్ క్యాంపులనే ఉన్నడన్నా. నేను ఒప్పుకోకుంటె వాన్ని ఇరికిస్తమన్నరు," అని మా భాషలోనే చెప్పాడు.

దుబాసీ కంగారుగా లేచాడు. "సార్, గిది నాకు సమజైతలేదు. జర తెలుగుల మాట్లాడుండ్రి. నా నౌకరి పోతది."

"నీకు సమజ్ కావద్దనే మాట్లాడుతున్న."

జైలు అధికారి ములాఖత్ ఆపమన్నాడు. నేను కుర్చీలోంచి కదలలేదు. "ఇది నా దేశపు భాష. నా పౌరుడితో ఏ భాషలో మాట్లాడాలో మీరు చెప్పక్కర్లేదు," అన్నాను.

అక్కణ్నుంచి నేరుగా క్యాంపుకు వెళ్లి బాలు తమ్ముణ్ని నా కారెక్కించాను. గేటు దగ్గర అడ్డుపడితే కారు మీది జెండా చూపించాను. మళ్లీ జైలుకెళ్లి "నీ తమ్ముడు నా ఇంట్ల ఉన్నడు" అని బాలుకు చెప్పాను. కోర్టులో అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు. కంపెనీ దగ్గర వేరే సాక్ష్యం లేదు. వదిలేశారు.

పైవాళ్లు నన్ను వివరణ అడిగారు. ఎదుటివాళ్లకు తెలియని భాష వాడి మర్యాద తప్పానట. తప్పయిందని ఒక్క మాట రాస్తే మరో దేశానికి పంపుతామన్నారు. భయపెట్టి ఒప్పించిన మాట ఎలా ఉంటుందో ఆ జైల్లో విన్నాను. అలాంటిది నా చేత్తో రాయలేనని అప్పుడే తెలిసింది. మరో దేశం రాలేదు. ఇప్పుడు డోర్నకల్‌లో రైళ్ల చప్పుడు వింటూ హాయిగా ఉన్నాను.

నేను పంపిన వివరణ ఇంతే: "మాట్లాడింది నేనే. తప్పు కాలేదు."