యోర్దానుపేట నీళ్ళు

సత్తెనపల్లి సంతలో ఎండురొయ్యల బుట్టల పక్కగా పోయినప్పుడల్లా నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. చేప ముట్టని కొట్టువాళ్ళింటి పిల్లని, రుచి ఎరగను; అయినా నాకది యోర్దానుపేట ఈస్టరు వాసన, చింతచిగురులో రొయ్యలు ఉడుకుతుంటే గాలి మా ఇంటిదాకా మోసుకొచ్చి మా అమ్మ చేత తలుపులు వేయించిన వాసన.

నా చిన్నప్పుడు, చీరాల వైపు సముద్రపొడ్డున చేపలు పట్టుకునే పాతిక కుటుంబాలు, తమ ప్రార్థన సంఘం పెద్దయ్య మాట నమ్మి, దేవుడు చూపించిన నేల ఇదేనని మా ఊరి పక్క రాళ్ళదిబ్బ మీద పేట కట్టుకున్నాయి. యోర్దాను అంటే నది పేరట. మా దిబ్బ మీద వానాకాలంలో కూడా చుక్క నిలిచేది కాదు. గుమ్మాలన్నీ తూర్పుకి, కనపడని సముద్రం వైపుకి పెట్టుకున్నారు. వలలు అల్లడం మాత్రం మానలేదు. పత్తి ఎగిరిపోకుండా బండ్ల మీద కప్పడానికి రైతులు వాటిని తీసుకునేవాళ్ళు. ఆ పేటలో నా ఈడుది రూతు; దాని నాయనమ్మ మరియమ్మ నాకు ముడి వేయడం నేర్పబోతే నా వేళ్ళే వలలో చిక్కుకునేవి.

నెలల తరబడి తవ్విన బావిలో చివరికి ఉప్పునీళ్ళు పడ్డాయి. మరియమ్మ పుక్కిలించి ఉమ్మి, "సముద్రం మనెనకాలే నడిసొచ్చింది గదయ్యా" అని నవ్వింది. పెద్దయ్య నవ్వలేదు.

ఆ ఎండాకాలం వాళ్ళు బిందెలతో మా కొట్టు వెనక బావికి వచ్చారు. నాన్న భోజనానికి వెళ్తే కొట్లో కూర్చున్న నేను, పదేళ్ళదాన్ని, బేరం పెట్టాను.

"నాలుగు బిందెలకో వల."

"పది తోడుకోనీవే బుజ్జమ్మా, వల అల్లాలంటే వారం పట్టుద్ది," అంది మరియమ్మ.

"ఐదు. ఇష్టమైతే తోడుకో."

రూతు నాకేసి చూడకుండా చేద అందుకుంది. నాన్న నా వీపు తట్టి, నా తెలివి ఊరంతా చెప్పుకున్నాడు. మిగతా బావుల వాళ్ళూ అదే ధర పెట్టారు. వానలు రాకముందే పేట ఖాళీ అయింది.

ఈమధ్య మా ఊరి బడి వార్షికోత్సవానికి పంచాయతీవాళ్ళు ఊరి చరిత్ర అచ్చేస్తూ, పేట గురించి నన్ను రాయమన్నారు. జరిగిందంతా రాశాను.

"వ్యవసాయం చేతగాక వెళ్ళిపోయారని రాయండక్కా. నీళ్ళమ్ముకున్నామంటే ఊరి పరువేం గావాలి?" అన్నాడు సర్పంచి.

పేజీ అడిగాను, పేరాకి దిగాను, ఆఖరికి ఒక్క వాక్యం చాలన్నాను. చీరల కొట్లో సగానికి సగం తెగ్గొట్టే నోరు నాది, మూడుసార్లు పంచాయతీ మెట్లెక్కినా ఒక్క మాట గెలవలేకపోయాను. పుస్తకంలో "కొంతకాలం బయటివాళ్ళు ఉండి వెళ్ళారు" అని ఉంది; పేట పేరైనా లేదు. దిబ్బ చదును చేసి మిర్చి ఆరబోస్తున్నారు, ఉప్పుబావి పూడ్చేశారు, తూర్పు గుమ్మం ఒక్కటీ మిగల్లేదు, రూతు ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు.

వాళ్ళు కొట్టేసిన వాక్యం ఇక్కడ రాస్తున్నాను: యోర్దానుపేటకి మా ఊరు నీళ్ళివ్వలేదు, అమ్మింది, ధర కట్టింది నేను.